ఔతచ్చన్‌కు అంటగట్టిన కూతురు

ఊళ్లో పెద్దావిడ ఏలికుట్టి చేడత్తి కళ్లారా చూసింది కాదట. ఆమె తోడికోడలి అల్లుడు, ఏలకుల రైతుల సంఘంలో గుమాస్తా, చూశాడట. ఆదివారం రెండో పూజ అయ్యాక చర్చి మెట్ల మీద గొడుగులు విప్పుకుంటున్న నలుగురు ఆడవాళ్లకు చెప్పిందట. ఎవరికీ చెప్పొద్దని ఆ నలుగురి దగ్గరా మాట తీసుకుని మరీ చెప్పిందట.

"కుళత్తుంకల్ ఔతచ్చన్‌కి బయట ఓ కూతురుండేదంట. పందొమ్మిదేళ్లకే పోయిందంట పాపం. పేరు ఇందుజ. పేరు చూస్తేనే తెలుస్తోందిగా, మన చర్చివాళ్ల పిల్ల కాదు. ఎవరో కల్పించింది కాదమ్మా, ఆయనే రాసుకున్నాడు. కింద 'తండ్రి ఔతచ్చన్' అని పేరు కూడా పెట్టుకున్నాడు. కాగితం సంఘం వాళ్ల దగ్గరుంది."

బుధవారానికల్లా మా కొండ మీద ఆ మాట పడని చెవి లేదు.

ఔతచ్చన్‌కు డెబ్బై రెండేళ్లు. నలభై ఏళ్లు రేకు కొట్టి బతికాడు. ఈ చుట్టుపక్కల సగం స్టోర్లలో, అంటే ఆరబెట్టే గదుల్లో, ఏలకులు ఆరేది ఆయన చేత్తో వంచిన గొట్టాల వేడికే. అలాంటి మనిషి పడుచుతనంలో ఏ ఏడు ఏ ఎస్టేటులో పనికి వెళ్లాడో, ఎన్నాళ్లు ఇంటి మొహం చూడలేదో జనం వేళ్లు మడిచి లెక్కలు తీయడం మొదలుపెట్టారు.

ఇంట్లో ఆ లెక్క అందరికన్నా ముందు తీసింది ఆయన భార్య త్రేసియామ్మ.

పొద్దున గంజి గిన్నె తెచ్చి బల్ల మీద ఆయన చేతికి అందనంత దూరంలో పెట్టింది. పక్కన పచ్చడి లేదు.

"త్రేసియా, ఉప్పేది?"

"ఇందుజనడుగు."

"ఆ పేరు నేను మొన్న ఆదివారమే మొదటిసారి విన్నానే. పుణ్యాత్ముడు గీవర్గీసు మీద ఒట్టు."

"ఆయన్నెందుకు మధ్యలోకి లాగుతావు? ఆ పిల్ల తల్లి మీద పెట్టు ఒట్టు. ఆవిడ పేరేంటి?"

"ఏ తల్లే?"

"సిబి నా కడుపులో ఉన్నప్పుడు పాంబాడుంపార ఎస్టేటులో రేకులు వేసొస్తానని వెళ్లావు. ఏడు నెలలు రాలేదు."

"వానకి దారి తెగిపోయింది కదే."

"ఏడు నెలలూ తెగిందా?"

ఔతచ్చన్ లేచి వంగి గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. చెంచా ముంచాడు, తీయలేదు. ఏడు నెలలు ఎందుకు రాలేదో ఆయనకు గుర్తు లేదు. గుర్తు లేకపోవడమే తప్పు చేసినట్టు కనిపిస్తోందని ఆయనకూ తెలుస్తోంది.

వంటింట్లో తొట్టి దగ్గర కోడలు బిన్సీ తోమిన గిన్నెనే మళ్లీ తోముతోంది. మూడు రోజులుగా ఈ ఇంట్లో గిన్నెలు తళతళలాడుతున్నాయి.

ఇందుజ ఎవరి కూతురో ఆ ఇంట్లో ఇద్దరికి తెలుసు. ఒకరు బిన్సీ. రెండోవాడు ఆమె మొగుడు, ఔతచ్చన్ కొడుకు సిబిచ్చన్.

ఇందుజ పద్మనాభన్ సారు కూతురు. సారు పాలిటెక్నిక్‌లో బిన్సీకి పాఠం చెప్పినవాడు. ఏలకుల స్టోరులో ఎప్పుడు ఎంత వేడి పెట్టాలో, ఎప్పుడు తగ్గించాలో తనంతట తనే చూసుకునే ప్రోగ్రాం ఆయనది. దాన్ని దాచుకోకుండా ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రాసినవాళ్ల పేరు మాత్రం ఉంచాలి, తమ చేతికి వచ్చిన హక్కే కొన్నవాడి చేతికీ ఇవ్వాలి. లైసెన్సులో ఉన్నది అంతే. అరచేతంత పెట్టెలో ఆ ప్రోగ్రాం ఎక్కించి, ఔతచ్చన్ రేకు పనికి జోడించి, కుళత్తుంకల్ ఇంటివాళ్లు అమ్మడం మొదలుపెట్టారు.

ఆరేళ్ల కిందట కొచ్చి నుంచి సుగంధ ద్రవ్యాల ఎగుమతిదారు ఒకడు పెట్టె చూడటానికి వస్తున్నాడంటే, సిబిచ్చన్ ముందురోజు సాయంత్రం భార్యతో అన్నాడు: "లోపల ఎక్కడా వేరేవాళ్ల పేరు కనిపించకూడదు. అప్పచ్చన్ పేరు పెట్టు. నాన్నకీ ఒక గౌరవం." బిన్సీ రెండొందల పైచిలుకు ఫైళ్లలో సారు పేరున్న ప్రతిచోటా మామగారి పేరు వచ్చేలా ఒకే ఒక్క ఆజ్ఞ ఇచ్చింది. చాయ చల్లారేలోపు అయిపోయింది. ఒక్క ఫైలు కూడా తెరిచి చూడలేదు.

తెరిచుంటే ఒక ఫైలు నెత్తిన అయిదు వరసలు కనిపించేవి. 'ఈ అంకెలు నా కూతురు ఇందుజ రెండు సీజన్లు స్టోరులో కూర్చుని గంటగంటకీ కాయ తూచి రాసినవి. పందొమ్మిదేళ్లకే వెళ్లిపోయింది. తన పేరు మీద ఇవి అందరికీ. ఇట్లు, తండ్రి.' ఆ కింద సారు పేరు ఉండేది. ఇప్పుడు అక్కడ ఔతచ్చన్ ఉన్నాడు.

అంతటితో ఆగినా బాగుండేది. నిరుడు సిబిచ్చన్ ఆ ఆరబెట్టే పద్ధతి మీద తండ్రి పేరుతో పేటెంటుకు అర్జీ పెట్టాడు. శాంతన్‌పారలో ఒక వెల్డరు సారు ప్రోగ్రాంనే వాడుకుని స్టోర్లు కట్టుకుంటుంటే, ఇది మాది, ఆపెయ్యమని వకీలు చేత నోటీసు ఇప్పించాడు. వెల్డరు ఆ నోటీసు పట్టుకుని సంఘానికి పోయాడు. సంఘం వాళ్లు ఒక పెట్టె విప్పించి లోపల ఉన్నదంతా అచ్చు తీయించి పేటెంటు ఆఫీసులో అభ్యంతరం వేశారు. ఆ అచ్చులో ఒక పేజీయే ఏలికుట్టి చేడత్తి చెవికి చేరింది.

*

పదిన్నరకు సిబిచ్చన్ ఆఫీసు గదిలోకి పిలిచాడు. బయట వరండాలో వకీలు పంపిన మనిషి చెప్పులు విప్పకుండా కూర్చున్నాడు. పేటెంటు ఆఫీసున్న చెన్నైకి అతను ఎక్కాల్సిన సాయంత్రం బస్సుకు ఇంకా టైముంది.

"ఇది చదివి సంతకం పెట్టు."

బిన్సీ చదివింది. మళ్లీ మొదటికి వెళ్లి చదివింది.

"'ఇందులో ప్రతి వరసా మామగారి సూచనల మీద నేను స్వయంగా రాశాను, వేరెవరి రాతనూ వాడలేదు.' దీని మీదేనా సిబిచ్చా నన్ను సంతకం పెట్టమనేది?"

"మూడేళ్లు కూర్చుని ఎన్ని మార్పులు చేశావు నువ్వు? అవి నీవి కావా?"

"నావే. ఆయన కట్టిన ఇంటి గోడలకి సున్నం కొట్టాను."

"గొంతు తగ్గించు. బయట మనిషున్నాడు."

"అమ్మచ్చికి నిజం చెప్పేద్దాం. మూడు రోజులుగా అప్పచ్చన్ సరిగ్గా ముద్ద మింగట్లేదు."

"చెప్పు. మేం ఎత్తుకొచ్చిన ప్రోగ్రాంలో ఉన్న పిల్ల అది, మా సారు కూతురు అని చెప్పు. అమ్మచ్చి మాపటికి ఏలికుట్టి చేడత్తికి అప్పజెప్తుంది. రేపటికి సంఘం చేతికి సాక్ష్యం దొరుకుతుంది. విచారణ సోమవారం. అప్పటిదాకా నోరు కుట్టుకో."

"అప్పటిదాకా మీ నాన్నకి బయట ఎవరో ఉండేదని ఊరంతా అనుకోవాలా?"

"ఈ వయసులో ఆయనకి పోయేదేముంది? కొందరైతే మెచ్చుకుంటున్నారు కూడా."

అన్నాక సిబిచ్చన్‌కే ఆ మాట నోట్లో చేదుగా తగిలింది. కిటికీ వైపు తిరిగాడు. వాన మొదలైంది. షెడ్డులో కుర్రాళ్లు రేకుల మీద పట్టా కప్పుతున్నారు.

"వాళ్లు ముప్పై రెండు మంది," అన్నాడు వాళ్లనే చూస్తూ. "పేటెంటు పోతే పెట్టెలు కొనే కొచ్చి ఆయన పోతాడు. ఆయన పోతే వీళ్లను ఏ మొహం పెట్టుకుని పొమ్మనాలి?"

"ఆ మాట పేర్లు మార్చే ముందు అనుకోవాల్సింది."

"మార్చిందెవరు? నేనా? నాకు ఆ మీట ఎక్కడుంటుందో కూడా తెలీదు."

మార్చింది బిన్సీయే. అది నిజం. ఆరేళ్లుగా ఏ రోజైనా సారుకు ఒక్క ఉత్తరం ముక్క రాసి ఉండవచ్చు. రాయలేదు. సారు ఇంట్లో ఎన్ని మధ్యాహ్నాలు అన్నం తిన్నదో లెక్క లేదు. ఇందుజ ఆ స్టోరులో కూర్చుని తూకం చెప్తుంటే ఒకసారి సెలవులకు వెళ్లి నోటుబుక్కులో రాసిపెట్టింది తనే. పేర్లు మార్చిన రోజు ఇవన్నీ గుర్తున్నాయి. గుర్తుండే, ఫైళ్లు తెరవకుండా చేసింది.

కలం తీసుకుని సంతకం పెట్టింది.

వకీలు మనిషి కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి చొక్కా లోపల దోపుకుని వానలోకి వెళ్లాడు.

*

మూడింటికి పద్మనాభన్ సారు వచ్చాడు.

పంచె మోకాళ్ల దాకా ఎగ్గట్టి, గొడుగు వరండా గోడకి ఆనించి, కాళ్లు కడుక్కోవడానికి నీళ్లడిగాడు. చెంబు తెచ్చిచ్చిన బిన్సీ ఆయన మొహం చూడలేదు. పేర్లు తిరిగి పెట్టమంటూ ఇరవై తొమ్మిది రోజుల కిందట అందిన ఆయన ఉత్తరం సిబిచ్చన్ బీరువాలో బట్టల కింద ఉంది. జవాబు వెళ్లలేదు.

"రండి సార్, ఆఫీసు గదిలో కూర్చుని మాట్లాడుకుందాం," అన్నాడు సిబిచ్చన్ తొందరగా.

"నీతో తర్వాత సిబీ. ముందు మీ అమ్మగారితో పని."

త్రేసియామ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. వరండా చివర కుర్చీలో ఉన్న ఔతచ్చన్ లేవబోయి, తన ఇంట్లో తను లేవవచ్చో లేదో తేలక అలాగే ఉండిపోయాడు.

"చేడత్తీ, బస్సులో రెండు సీట్ల అవతల మీ ఆయన గురించి మాట్లాడుకుంటున్నారు. నేను దిగాల్సిన చోట దిగకుండా ఇక్కడికి వచ్చాను. ఇందుజ నా కూతురు. ఆ కాగితంలో మాటలు నేను రాసినవి. ఔతచ్చన్ చేట్టనికి ఆ పిల్ల ఎవరో కూడా తెలీదు."

త్రేసియామ్మ చేతులు తుడుచుకోవడం ఆపింది.

"మీ అమ్మాయా?" అంది త్రేసియామ్మ.

"ఒక్కతే."

"ఎలా పోయింది?"

"ఎలుక జ్వరం. స్టోరులో కూర్చుని కూర్చుని అక్కడే అంటించుకుందన్నారు డాక్టర్లు. ఇంకా కొన్ని రోజుల అంకెలు మిగిలాయి నాన్నా, అవయ్యాక ఆసుపత్రికి పోదామంది. నేనూ సరేనన్నాను."

త్రేసియామ్మ శిలువ గుర్తు వేసుకుంది. ఆ తర్వాత మెల్లగా అడిగింది. "మరి కింద ఈయన పేరెందుకుంది?"

"యంత్రానికి ఈ పేరు తీసి ఆ పేరు పెట్టమని ఒకసారి చెప్తే చాలు. కనిపించిన ప్రతిచోటా మార్చేస్తుంది. ఏం మారుస్తోందో దానికి తెలీదు."

బిన్సీ నిలబడ్డ వైపు ఆయన చూడలేదు. చూసినా బాగుండేదనిపించింది ఆమెకు.

త్రేసియామ్మ లోపలికి వెళ్లి పాలు లేని కట్టన్ చాయ పెట్టి తెచ్చింది. మొదటి గ్లాసు అతిథికి ఇవ్వాలి. ఆమె తిన్నగా వెళ్లి మొగుడి చేతిలో పెట్టింది. మూడు రోజుల తర్వాత ఆయన వేళ్లకు ఆమె వేళ్లు తగిలాయి. ఔతచ్చన్ గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు.

"సిబీ," అన్నాడు. "నా సలహాల మీదే రాశామన్నావు కదరా?"

"అప్పచ్చా, అవన్నీ ఇప్పుడు..."

"నేనేం సలహా చెప్పాను? ఎంత వేడి కావాలని నువ్వడిగితే, గొట్టం మీద చెయ్యి పెడితే తెలుస్తుందిలే అన్నాను. అంతేగా నేనన్నది?"

సిబిచ్చన్ వాన వైపు తిరిగాడు.

"దానికి చర్చిలో నాకు శాలువా కప్పించావు. ఫాదరు పూజ ఆపి నా గురించి నాలుగు మాటలు చెప్పాడు. మా చెల్లెళ్లిద్దరూ ముందు వరసలో కూర్చుని ఏడ్చారు." గ్లాసులో చాయ తొణికి పంచె మీద పడింది. "పోయిన పిల్ల చేసిన పనిరా అది. సార్, నేను చదువుకోలేదు. నేను కొట్టిన రేకు మీద నా గుర్తు వేసుకునేవాణ్ని, నా పక్కన పనిచేసిన పాప్పచ్చన్ కొట్టిన దాని మీద ఏనాడూ వేయలేదు. నన్ను దొంగ కింద కూర్చోబెట్టారు, నాకే తెలీకుండా."

"మీరు దొంగ కాదు చేట్టా. వాళ్లను కూడా దొంగలనడానికి నేను రాలేదు."

సారు గుడ్డ సంచి లోంచి మడత పెట్టిన కాగితం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. విప్పలేదు.

"సిబీ, ఈ ప్రోగ్రాం అమ్ముకోవద్దని నేనెప్పుడూ అనలేదు. నువ్వు పెట్టెలు అమ్ముకుంటే నాకు సంతోషమే. ఎన్ని ఎక్కువ స్టోర్లకి పోతే నా కూతురు పడిన కష్టం అంత పనికొచ్చినట్టు. అందరి పొలానికీ దారిచ్చిన చోట నువ్వు కంచె కట్టావు. శాంతన్‌పార వెల్డరుకి నోటీసిచ్చావు. ఆ కంచె తీసెయ్. పేరు వెనక్కి పెట్టు, నాది కాకపోయినా ఇందుజది పెట్టు. పెట్టె కొన్నవాళ్లు అడిగితే లోపలున్నది వాళ్లకీ ఇవ్వు."

"తీస్తే కేసు ఆగుతుందా సార్?" అన్నాడు సిబిచ్చన్.

"లైసెన్సులోనే ఉంది. మొదటిసారి తప్పు చేసినవాడు ఉత్తరం అందిన ముప్పై రోజుల్లో దిద్దుకుంటే, అనుమతి మళ్లీ తనంతట తనే వస్తుంది. తప్పు జరగనట్టే లెక్క. రేపటితో ముప్పై. సంఘం వాళ్లతో నేను మాట్లాడతాను. వాళ్లకి ఇప్పటికే చెప్పాను కూడా."

"ఏమని?" అన్నాడు సిబిచ్చన్.

"ఆ ఇంట్లో నా విద్యార్థి ఉంది, తెలిసి చేసి ఉండదు, ఏదో తొందరలో జరిగి ఉంటుంది అని. అధ్యక్షుడు నవ్వాడు. నవ్వుకోనీ. నేను నా మాట మీదే ఉన్నాను."

ఔతచ్చన్ కుర్చీలో ముందుకు వంగాడు. "ఇంకేం మరి. అయిపోయిందిగా. అర్జీ వెనక్కి తీసుకోరా. అమ్మాయీ, ఇప్పుడే కూర్చుని ఆ పేరు పెట్టెయ్. ఒక పూట పనేగా?"

"కాసేపే పడుతుంది అప్పచ్చా," అంది బిన్సీ.

"మరి నిలబడ్డావేం?"

సిబిచ్చన్ గొంతు సవరించుకున్నాడు. "సార్, మీ మాట కాదనను. సోమవారం ఒక్కటీ దాటనివ్వండి. ఆ తర్వాత మీ పేరూ, అమ్మాయి పేరూ బంగారంతో రాయిస్తాను. మిమ్మల్ని మా సంస్థకి గౌరవ సలహాదారుగా..."

"సోమవారం ఏముంది?" అన్నాడు సారు.

"విచారణ."

"అర్జీ తీసుకుంటే విచారణ ఎందుకుంటుంది?"

సిబిచ్చన్ నేల వైపు చూశాడు. త్రేసియామ్మ కొడుకునీ కోడల్నీ మార్చి మార్చి చూసింది. ఇంట్లో ఏదో దాగి ఉందని ఆమెకు మళ్లీ వాసన తగిలింది. ఈసారి మొగుడి వైపు నుంచి కాదు.

ఇంకొక్క నిమిషం ఊరుకుంటే సిబిచ్చన్ ఏదో ఒకటి అతికిస్తాడని బిన్సీకి తెలుసు. సారు నమ్ముతాడని కూడా తెలుసు. ఆయన నమ్మడమే ఆమెకు భరించలేకుండా ఉంది.

"పొద్దున సంతకం పెట్టాను సార్."

"దేని మీద?"

"ప్రమాణపత్రం మీద. పదకొండింటికి. వకీలు మనిషి తీసుకెళ్లిపోయాడు."

"ఏమని ఉంది?"

సిబిచ్చన్ "బిన్సీ" అన్నాడు. ఆమె ఆగలేదు.

"ప్రతి వరసా నేనే రాశానని. వేరెవరి రాతా లేదని."

ఔతచ్చన్ ఒక్క ఉదుటున లేచాడు. గ్లాసు కింద పడి అరుగు దాకా దొర్లింది. "ఫోను చెయ్యరా. చెన్నై బస్సు ఇంకా బయల్దేరి ఉండదు. ఆ మనిషిని వెనక్కి రమ్మను."

సిబిచ్చన్ జేబులో చెయ్యి పెట్టాడు. ఫోను మీదే పెట్టి ఉంచాడు. తీయలేదు.

"సిబీ, నీకే చెప్పేది."

"వాన తగ్గనీ అప్పచ్చా. సిగ్నలుండదు."

పద్మనాభన్ సారు ఆ తండ్రీకొడుకుల మాటలు వినడం లేదు. బిన్సీ వైపు మొదటిసారి తిన్నగా చూశాడు. పాలిటెక్నిక్‌లో తప్పు సమాధానం వచ్చినప్పుడు, ఎక్కడ తప్పావో నువ్వే వెతుక్కో అన్నట్టు చూసేవాడు. ఈ చూపు అది కాదు.

"ఆ అంకెలు కూడా నువ్వే రాశానని ఉందా?"

"ఉంది సార్."

"చదివే పెట్టావా?"

"రెండుసార్లు చదివాను."

ఆయన ఒళ్లోని కాగితాన్ని మడత విప్పకుండానే తిరిగి సంచిలో పెట్టుకున్నాడు. లేచి పంచె దించుకున్నాడు. గొడుగు అందుకోబోతే త్రేసియామ్మే తీసి రెండు చేతులా ఇచ్చింది. బిన్సీ మెట్టు దిగి ఆయనకు అడ్డంగా వానలో నిలబడింది.

"సార్, ఏదో ఒకటి అనండి. తిట్టండి. ఊరికే వెళ్లిపోవద్దు."

సారు గొడుగు విప్పాడు.

"నా దగ్గర చదువుకున్నానని ఇక ముందు ఎవరికీ చెప్పకు."